డీలర్ తప్పు చేస్తే ఎప్పుడు ఆపాలి? పోకర్ టోర్నమెంట్ టేబుల్ రూల్స్‌పై సమగ్ర మార్గదర్శి

టోర్నమెంట్‌లో డీలర్ చేసే తప్పుల్లో చాలావరకు సరిచెయ్యగలిగినవే. కానీ ప్రతి తప్పుకీ ఒక గడువు ఉంటుంది. అది గడియారంలో కనిపించదు. పంపకం తప్పాక ఇద్దరు ముగ్గురు ఆడేస్తే ఒక గడువు ముగుస్తుంది. మీ ముక్కలు మక్‌లో (ఆట వదిలేసినవాళ్లు పడేసిన ముక్కల కుప్పలో) కలిసిపోతే ఇంకొకటి, డీలర్ తర్వాతి హ్యాండ్‌కి పేక కలపడం మొదలుపెడితే మరొకటి. గడువు లోపల "డీలర్, ఆగండి" అన్నవాళ్ల మాట వింటారు. దాటాక గొంతు చించుకున్నా లాభం లేదు.

మన హైదరాబాద్‌లో ఎక్కువమంది రమ్మీ, మూడుముక్కలాట ఆడి ఆడి పోకర్‌లోకి వస్తారు. ఇంట్లో పంపకం తప్పితే "మళ్లీ పంచరా" అంటే అయిపోతుంది. ఆ అలవాటుతో క్యాసినో టేబుల్ దగ్గర కూర్చుంటే రెండు విధాలా నష్టమే. చిన్న పొరపాటుకి కూడా రీడీల్ ఇస్తారని ఎదురుచూస్తాం, ఇవ్వరు. నిజంగా మాట్లాడాల్సిన చోట "డీలర్‌కి ఆ మాత్రం తెలియదా" అని ఊరుకుంటాం. నో-లిమిట్ హోల్డెమ్ ఆడటం మీకు వచ్చనే అనుకుని మిగతాది చెబుతాను.

ముందు, ఎక్కడ ఆడుతున్నారో తేల్చుకోండి

రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. ఆ తీర్పు పట్టుకుని "పేకాట లీగలే అన్నా" అని వాదించేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. 2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించాక ఆ వాదన ఇక్కడ నిలవదు. డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యపు ఆటైనా మినహాయింపు లేదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి శివార్లలో ఏ ఫామ్‌హౌస్‌లోనో "చిన్న టోర్నమెంట్ ఉంది, రా భయ్యా" అని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. అక్కడ డీలర్ తప్పు చేస్తే అడగడానికి ఫ్లోర్ (టేబుళ్లు చూసుకుంటూ తీర్పు చెప్పే అధికారి) ఉండదు. పోలీసులు వస్తే చెప్పుకోవడానికి మాటా ఉండదు.

లైసెన్సున్న చోట లైవ్ ఆట కావాలంటే మనకు దగ్గరి దారి గోవా. పణజీలో మాండవి నది మీద నిలిపిన క్యాసినో ఓడలకు ఒడ్డు నుంచి పడవలో తీసుకెళ్తారు. 21 ఏళ్లు నిండి ఉండాలి, ఐడీ కార్డు దగ్గర పెట్టుకోవాలి.

కూర్చునే ముందు: రూల్స్ షీటు, నాలుగు ప్రశ్నలు

పెద్ద టోర్నమెంట్లు చాలావరకు టీడీఏ రూల్స్ మీద నడుస్తాయి. టీడీఏ అంటే టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్, 2001లో మొదలైంది. ఒక్కో క్యాసినోలో ఒక్కో రూలు ఉండి ఆటగాళ్లు తికమకపడుతుంటే అందరికీ కలిపి ఒక పద్ధతి తేవడానికి పెట్టారు. ఆ రూల్స్ ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లో దింపుకుని విమానంలో చదివేయొచ్చు. అందులో మొదటి రూలు గుర్తుంచుకోండి: ఆట మేలు, న్యాయం అన్నిటికన్నా ముందు. అవసరమైతే మామూలు రూలును పక్కనపెట్టి తీర్పు చెప్పే అధికారం ఫ్లోర్‌కి ఉంటుంది. నేను కింద చెప్పేవన్నీ ఆ అధికారానికి లోబడినవే.

రిజిస్ట్రేషన్ దగ్గర నాలుగు విషయాలు అడగండి. టేబుల్ మీద ఏ భాషలు ఒప్పుకుంటారు? ఫోన్ ఎప్పుడు ముట్టుకోవచ్చు? మిస్‌డీల్ (పంపకం తప్పి మొదటినుంచి మళ్లీ పంచడం) విషయంలో సొంత రూల్స్ ఏమైనా ఉన్నాయా? ఫ్లోర్ తీర్పు నచ్చకపోతే టోర్నమెంట్ డైరెక్టర్‌ని పిలవొచ్చా?

భాష సంగతి మనవాళ్లకి మరీ ముఖ్యం. మాధాపూర్ నుంచి నలుగురు ఫ్రెండ్స్ కలిసి వెళ్తారు, ఇద్దరికి ఒకే టేబుల్ పడుతుంది. హ్యాండ్ నడుస్తుండగా ఒకడు ఫోల్డ్ చేసి పక్కవాడితో "వాడి దగ్గర ఏం లేదురా" అంటాడు. సరదాకే అనుంటాడు, కానీ తెలుగు రాని మిగతా ఏడుగురికి అది సంకేతంలా వినిపిస్తుంది. హ్యాండ్ నడిచేటప్పుడు టేబుల్ మీద ఒప్పుకున్న భాషే మాట్లాడాలి. ఏ భాషలోనైనా సరే, నడుస్తున్న హ్యాండ్ గురించి సలహా ఇవ్వకూడదు. ముందు వార్నింగ్, తర్వాత పెనాల్టీ. పెనాల్టీ అంటే కొన్ని హ్యాండ్లో, కొన్ని రౌండ్లో కుర్చీకి దూరంగా నిలబడటం. ఆ సేపూ మీకు ముక్కలు పంచుతారు, బ్లైండ్లు మీ స్టాక్‌లోంచే పోతుంటాయి.

సీటు దగ్గర

మొదట చిప్స్ లెక్కపెట్టండి, మొదటి హ్యాండ్ పంచకముందే. తక్కువుంటే అప్పుడే చెప్పాలి. పెద్ద విలువ చిప్స్ ముందువైపు, అందరికీ కనపడేలా పేర్చండి. అది మర్యాద మాత్రమే కాదు, రూలు కూడా.

తర్వాత మీ సీటు నంబరు చూడండి. డీలర్‌కి రెండు పక్కలా ఉండే సీట్లలో ఒక ప్రమాదం ఉంది. ఫోల్డ్ అయిన ముక్కల్ని ఊడ్చేసేటప్పుడు డీలర్ చెయ్యి మీ ముక్కల మీద కూడా పడుతుంది. ముక్కలు మక్‌లో కలిసి గుర్తుపట్టలేకపోతే ఆ హ్యాండ్ చచ్చినట్టే. తప్పు డీలర్‌దే అయినా, మీరు కాల్ చేసి పెట్టిన చిప్స్ వెనక్కి రావు. మీ బెట్‌ని ఇంకా ఎవరూ కాల్ చెయ్యకపోతే ఆ కాల్ కాని మొత్తం మాత్రం తిరిగిస్తారు. దీనికి మందు చాలా చవక: ముక్కల మీద ఒక చిప్పు గానీ, బరువైన నాణెం గానీ పెట్టడం. ఆల్-ఇన్ అయ్యాక కూడా తియ్యకండి. డీలర్ "ముక్కలు తిప్పండి" అన్నప్పుడే మీ చెయ్యి లేవాలి.

పంచేటప్పుడు సీట్లో ఉండటం కూడా ముఖ్యమే. టీడీఏ రూల్ ప్రకారం మొదటి పంపకంలో చివరి ముక్క పడే సమయానికి మీరు కుర్చీ దగ్గర లేకపోతే మీ హ్యాండ్ చెల్లదు. "వస్తున్నా వస్తున్నా" అని బాత్రూమ్ నుంచి పరుగెత్తుకొచ్చి ఆసుల జత పోగొట్టుకోకండి.

పంపకంలో తప్పులు: ఏది మిస్‌డీల్, ఏది కాదు

కిందివాటిలో ఏదైనా జరిగితే మామూలుగా మిస్‌డీల్ ఇస్తారు:

- మొదటి ముక్క తప్పు సీటుకి వెళ్లడం
- ముక్కలు రావాల్సిన సీటుని వదిలెయ్యడం, లేదా రాకూడని సీటుకి పంచడం
- పంచిన మొదటి రెండు ముక్కల్లో ఏదైనా డీలర్ చేతిలో తెరుచుకోవడం
- ఆ తర్వాత మరే రెండు ముక్కలైనా డీలర్ తప్పు వల్ల కనపడటం
- పంపకంలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ ముక్కలు పేకలో తిరగబడి ఉండటం

మధ్యలో ఒక్క ముక్క తెరుచుకుంటే ఆట ఆగదు. ఆ ముక్క మీరు ఉంచుకోలేరు, అది ఆసైనా సరే. పంపకం పూర్తయ్యాక పేక పైనుంచి ఇంకో ముక్క ఇస్తారు, తెరుచుకున్నదాన్ని బర్న్ కార్డుగా, అంటే ఫ్లాప్‌కి ముందు ఆటలో లేకుండా పక్కన పడేసే ముక్కగా, వాడతారు. "నాకు ఆ ఆసే కావాలి" అని గోల చేసేవాళ్లు ప్రతి టోర్నమెంట్‌లో ఒకరుంటారు. వాళ్లకి ఆసూ రాదు, టేబుల్ మీద గౌరవమూ మిగలదు.

బటన్ దగ్గర కూర్చున్నవాళ్లకి వరసగా రెండు ముక్కలు పడ్డాయని కంగారుపడకండి. వదిలేసిన చివరి ముక్కని అలా ఇచ్చి సరిచెయ్యొచ్చు.

ఇక గడువు. మిస్‌డీల్ అడగడానికి గడువు "సబ్‌స్టాన్షియల్ యాక్షన్". వరసలో ఇద్దరు ఆడి, అందులో కనీసం ఒకరు చిప్స్ పెడితే అది పూర్తయినట్టే. చిప్స్ పడకపోయినా వరసలో ముగ్గురు ఏ యాక్షన్ తీసుకున్నా పూర్తయినట్టే. బ్లైండ్లు ఇందులో లెక్కకి రావు. ఉదాహరణకి, మీకు ఒకే ముక్క వచ్చింది. బిగ్ బ్లైండ్ పక్కనున్నామె ఫోల్డ్ చేసింది, తర్వాతి ఆయన రైజ్ చేశాడు. అంతే, గడువు దాటింది. హ్యాండ్ ముందుకు సాగుతుంది, మీది పోయినట్టే. అందుకే ముక్కలు అందగానే ముందు చూడాల్సింది వాటి విలువ కాదు, రెండు ఉన్నాయా లేదా అని.

మిస్‌డీల్ ఇచ్చాక పంచేది అచ్చంగా అదే హ్యాండ్. బటన్ కదలదు, కొత్తవాళ్లని కూర్చోబెట్టరు, ఈలోపు లెవెల్ మారినా బ్లైండ్లు పాతవే ఉంటాయి.

బెట్టింగ్: మీ నోరు ముందా, చెయ్యి ముందా

నోటితో చెప్పినా బెట్టే, చిప్స్ ముందుకు తోసినా బెట్టే. రెండూ చేస్తే ఏది ముందు జరిగితే అదే చెల్లుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకే ఒక్క పెద్ద చిప్పుతో. బ్లైండ్లు 200-400. మీరు ఏమీ అనకుండా 1,000 చిప్పు ఒకటి వేస్తే అది కాల్ మాత్రమే, 600 వెనక్కొస్తాయి. రైజ్ చెయ్యాలనుకుంటే చిప్పు వేలి నుంచి జారకముందే "రైజ్" అనాలి. అంకె చెప్పకుండా రైజ్ అంటే ఆ 1,000 మొత్తం రైజ్ కింద పోతుంది.

చిప్స్ రెండు విడతలుగా పెట్టడం, అంటే ముందు కాల్‌కి సరిపడా పెట్టి మళ్లీ స్టాక్ దగ్గరికెళ్లి ఇంకొన్ని తేవడం, స్ట్రింగ్ బెట్. డీలర్ దాన్ని కాల్‌గానే ఉంచుతాడు. తెలుగు సినిమాల్లో "నీ పదివేలకి... ఇంకో పదివేలు" అనే స్టైలు క్యాసినోలో పనిచెయ్యదు.

కనీస మొత్తానికి చాలని రైజ్‌కి యాభై శాతం లెక్క ఉంది. ఎదుటివాడు 1,000 బెట్ చేశాడు, కనీస రైజ్ మొత్తం 2,000. మీరు మాట్లాడకుండా ఒకేసారి 1,600 తోశారు. అదనంగా పెట్టిన 600, కనీస అదనమైన 1,000లో సగం దాటింది. కాబట్టి 2,000 పూర్తిచెయ్యాల్సిందే. 1,400 తోసి ఉంటే సగం దాటలేదు కాబట్టి కాల్, మిగతా 400 వెనక్కి. ఈ లెక్క డీలర్ కూడా తడబడే చోటు. మీ పాలిట తప్పుగా చెబితే వెంటనే ఫ్లోర్‌ని అడగండి.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఆల్-ఇన్ లెక్క. ఎదుటివాడు ఆల్-ఇన్ అన్నాడు. మీరు ఎంతని అడిగారు. డీలర్ స్టాక్ చూసి "12,600" అన్నాడు. మీరు కాల్ అన్నారు, ఓడారు. అప్పుడు పక్క స్టాక్ వెనకాల నుంచి ఒక 5,000 చిప్పు బయటపడింది, అసలు మొత్తం 17,600. మీరు ఎంత ఇవ్వాలి? 17,600. కాల్ చేసేవాళ్లే అసలు మొత్తం ఎంతో నిర్ధారించుకోవాలన్నది టీడీఏ రూలు. డీలర్ చెప్పిన అంకె తప్పైనా మీరు కాల్ చేసింది అసలు మొత్తానికే. తేడా మరీ పెద్దదైతే ఫ్లోర్ మొదటి రూల్ కింద కనికరించొచ్చు, దాని మీద ఆశ పెట్టుకుని ఆడకండి.

అందుకని ఇలా చెయ్యండి. ఆల్-ఇన్ మీ మీదికి వచ్చినప్పుడు "కౌంట్ ప్లీజ్" అనండి. అలా అడిగే హక్కు ఆల్-ఇన్‌ని ఎదుర్కొంటున్నవాళ్లకే ఉంటుంది, పక్కవాళ్లకి లేదు. చిప్స్‌ని రంగుల వారీగా విడదీసి పేర్చేదాకా చూస్తుండండి. ఒక్కో రంగు మీరూ లెక్కపెట్టండి. డీలర్ అంకె, మీ అంకె కలిశాకే నోరు తెరవండి. ఎవరైనా క్లాక్ పిలిచినా, అంటే మీ ఆలోచనకి గడువు పెట్టమని అడిగినా, మీకు 25 సెకన్లు, ఆపైన 5 సెకన్ల కౌంట్‌డౌన్ ఉంటుంది. నాలుగు రంగుల చిప్స్ లెక్కకి అది చాలు.

వరస తప్పడం కూడా రోజూ జరిగేదే. డీలర్ మిమ్మల్ని దాటి పక్కవాళ్ల వైపు చెయ్యి చూపించాడు, వాళ్లు ఆడేశారు. ఆ క్షణమే "నా వంతు" అనండి. మాట్లాడే అవకాశం ఉండి కూడా మీరు ఊరుకుని, మీ ఎడమవైపు సబ్‌స్టాన్షియల్ యాక్షన్ అయిపోతే వాళ్ల ఆట ఖరారవుతుంది, మీ హ్యాండ్ ఏమవ్వాలో ఫ్లోర్ చెబుతుంది. సమయానికి ఆపితే వెనక్కి మీ దగ్గరికే వస్తారు. మీరు చెక్, కాల్, ఫోల్డ్‌లలో ఏది చేసినా పరిస్థితి మారదు కాబట్టి తొందరపడినవాళ్ల మాట వాళ్లని కట్టేస్తుంది. మీరు రైజ్ చేస్తే వాళ్లు చిప్స్ వెనక్కి తీసుకుని మళ్లీ ఆలోచించుకోవచ్చు.

బోర్డు మీద తప్పులు

ఇక్కడ మీ పని తక్కువ: ముక్కలు ముట్టుకోవద్దు, ఫ్లోర్ వచ్చేదాకా డీలర్‌నీ ముట్టుకోనివ్వద్దు. అయినా ఎలా సరిచేస్తారో తెలిస్తే, సరిచెయ్యడంలో ఇంకో తప్పు జరక్కుండా చూడొచ్చు.

ఫ్లాప్‌లో నాలుగు ముక్కలు పడితే, నాలుగింటినీ బోర్లించి కలుపుతారు. ఫ్లోర్ ఒకటి ఎంచి తీస్తే అది తర్వాతి బర్న్ కార్డు, మిగతా మూడూ ఫ్లాప్. "నాలుగోది ఏదో మేం చూశాం కదా, అదే తీసెయ్యండి" అనే వాదన చెల్లదు.

ఫ్లాప్ మీద బెట్టింగ్ కాకముందే టర్న్ తెరిస్తే ఆ ముక్కని పక్కన పెడతారు. బెట్టింగ్ పూర్తయ్యాక ఇంకో ముక్క బర్న్ చేసి, రివర్‌గా రావాల్సిన ముక్కని టర్న్‌గా వేస్తారు. ఆ రౌండూ అయ్యాక, పక్కన పెట్టిన ముక్కని మిగిలిన పేకలో కలిపి, మళ్లీ బర్న్ చెయ్యకుండా రివర్ తీస్తారు. రివర్ తొందరపడి తెరిస్తే ఇంకా సులువు: ముక్కని పేకలో కలిపి, బర్న్ లేకుండా కొత్తది తియ్యడమే. ఫ్లాప్ తొందరపడి పడినా అదే పద్ధతి.

బర్న్ మర్చిపోయి ముక్క తెరిచేస్తే, ఆ రౌండ్‌లో ఎవరూ ఆడకముందే చెబితే సరిచేస్తారు. ఒకరు ఆడాక ఆ ముక్క అలాగే నిలబడుతుంది.

షోడౌన్: టేబుల్ మొత్తం కళ్లు తెరిచి ఉండాల్సిన చోటు

నోటితో "నాది స్ట్రెయిట్" అన్నా ఒకటే, "నా దగ్గర ఏం లేదు" అన్నా ఒకటే, దానికి విలువ లేదు. తెరిచిన ముక్కలే మాట్లాడతాయి. రెండు ముక్కలూ వెల్లకిలా టేబుల్ మీద పెడితేనే హ్యాండ్ చూపించినట్టు.

బోర్డు మీద రెండు తొమ్మిదులు, రెండు ఆరులు, ఒక రాణి ఉన్నాయి. ఒకాయన దగ్గర నాలుగుల జత, మీ దగ్గర ఆసు-జాకీ. ఆయన గర్వంగా నాలుగులు తెరిచాడు. డీలర్ జత చూశాడు, మీకు జత లేదని చూశాడు, పాట్ అటు తోయబోతున్నాడు. ఆయన నాలుగులు ఇక్కడ ఎందుకూ పనికిరావు. ఆయన ఐదు ముక్కల హ్యాండ్ తొమ్మిదులు, ఆరులు, రాణి. మీది తొమ్మిదులు, ఆరులు, ఆసు. పాట్ మీదే. అయితే మీ ముక్కలు తెరిచి ఉంటేనే. జత చూసి నిరాశపడి బోర్లించి విసిరేసి ఉంటే కథ ముగిసింది. ఏ రోజైనా సరే, కాల్ దాకా వచ్చిన హ్యాండ్‌ని చూపించకుండా మక్‌లోకి పంపకండి.

గెలిచినట్టు స్పష్టంగా కనిపిస్తూ, సరిగ్గా తెరిచిపెట్టిన హ్యాండ్‌ని డీలర్ పొరపాటున మక్ చేసినా అది చావదు. కెమెరాలున్నాయి, చూసినవాళ్లున్నారు, పాట్ ఇప్పించొచ్చు. తెరిచిన హ్యాండ్ తప్పుగా చదువుతుంటే హ్యాండ్‌లో లేనివాళ్లు కూడా చెప్పాలి, టీడీఏ కోరేది అదే. కానీ ఎవరైనా తమ ముక్కలు ఇంకా తెరవకపోతే "తెరువు అన్నా, నువ్వే గెలిచావేమో" అనడం మాత్రం తప్పు.

ఈ దశకి ఆఖరి గడువు తర్వాతి హ్యాండ్ మొదలవడం. చేత్తో కలిపితే మొదటి రిఫుల్ (పేకని రెండుగా చేసి ఒకదాంట్లో ఒకటి కలపడం), షఫుల్ మెషిన్ ఉంటే డీలర్ పచ్చ బటన్ నొక్కడం. ఆ తర్వాత పాత హ్యాండ్ తప్పుగా చదివారన్న వాదనకి తావు లేదు. పాట్ లెక్కలోనో పంపకంలోనో తప్పుంటే మాత్రం తర్వాతి హ్యాండ్‌లో సబ్‌స్టాన్షియల్ యాక్షన్ అయ్యేదాకా అడగొచ్చు. సైడ్ పాట్లున్నప్పుడు తొందరపడే డీలర్లని మరీ గమనించండి. ఒక్కో పాట్ విడిగా పంచాలి. సగం చేసినప్పుడు మిగిలే ఒక్క బేసి చిప్పు బటన్‌కి ఎడమవైపు మొదటి సీటుకి వెళ్తుంది.

ఫ్లోర్‌ని పిలిచే పద్ధతి

మెత్తగా, కానీ టేబుల్ అంతా వినేలా: "డీలర్, హోల్డ్ ఆన్. ఫ్లోర్ ప్లీజ్." చేతులు టేబుల్ అంచు మీద, ముక్కల మీద ఎవరి చెయ్యీ వద్దు. ఫ్లోర్ వచ్చాక ముందు డీలర్ చెబుతాడు, మధ్యలో దూరకండి. మీ వంతు వచ్చినప్పుడు జరిగింది జరిగిన వరసలో చెప్పండి: ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఏమన్నారు, మీరు ఎప్పుడు ఆపారు. మీ దగ్గర ఏ ముక్కలున్నాయో చెప్పొద్దు, హ్యాండ్ ఇంకా బతికే ఉంది.

తీర్పు తప్పనిపిస్తే ఒక్కసారి డైరెక్టర్‌ని అడగండి. అక్కడా మీకు అనుకూలంగా రాకపోతే ఊరుకుని ఆడండి. డీలర్‌ని తిట్టేవాళ్లని చూస్తే నాకు చిరాకు. గంటకి ఎన్నో హ్యాండ్లు పంచేవాళ్లు, అలసట తెలుస్తుంది. పైగా ఫ్లోర్ దృష్టిలో మీ మాట విలువ తిట్టిన మరుక్షణం పడిపోతుంది.

వెళ్లేముందు ఇంట్లో ఒక సాయంత్రం

డబ్బు లేకుండా, ప్లాస్టిక్ చిప్స్‌తో, కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఎవరింటి డైనింగ్ టేబుల్ మీదో ఆడండి. ఒకరు డీలర్‌గా కూర్చుని కావాలనే తప్పులు చెయ్యాలి: ఒక సీటు వదిలెయ్యడం, నాలుగు ముక్కల ఫ్లాప్, ఒకరి వంతు దాటెయ్యడం, ఆల్-ఇన్ తక్కువగా లెక్క చెప్పడం, బోర్డు మీది రెండు జతల్ని తప్పుగా చదవడం. మిగతావాళ్లు గడువు లోపల పట్టుకోవాలి. దాటాక పట్టుకుంటే లెక్కలోకి రాదు. ఎవరూ పట్టుకోనివాటిని డీలర్ కాగితం మీద రాసుకుని చివర్లో చదివి వినిపించాలి. రమ్మీ నుంచి వచ్చినవాళ్లు పట్టుకోలేక వదిలేసేది ఎక్కువగా ఆల్-ఇన్ లెక్కే, దాన్ని రెండు మూడుసార్లు పెట్టమనండి.